ఖాళీ బండికి వర్తించదు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా వల్ల కాదు. చెప్పాలనే కూర్చుంటాను, బుద్ధిగానే మొదలుపెడతాను, మూడో వాక్యానికల్లా పిల్లి కాస్తా పులై కూర్చుంటుంది. నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. క్లాసులో సున్నా ఎక్కడుండాలో అక్కడే పెడతాను గానీ, గేటు దాటి బయటికొచ్చానంటే ప్రతి అంకె వెనకా ఓ సున్నా దానంతటదే వచ్చి నిలబడుతుంది. చుట్టాలు వచ్చినప్పుడు మా ఆవిడ నా పక్కనే కూర్చుని, లారీని వెనక్కి తీయించే క్లీనరులాగా, ఎడమచేత్తో 'తగ్గించండి, తగ్గించండి' అని సైగ చేస్తూ ఉంటుంది. కాబట్టి ఇది చదువుతూ ఎక్కడ అనుమానం వస్తే అక్కడ పదితో భాగించుకోండి. ఒక్కచోట మాత్రం భాగించినా లాభం లేదు, అక్కడ పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర్లో నేనే చెబుతాను.

మాది నూజివీడు. ఆగిరిపల్లి వైపు తోటల నుంచి మామిడి మార్కెట్టుకు వచ్చే దారుల్లో ఒకటి మా గేటును రాసుకుంటూ పోతుంది. నిరుడు దాకా దాన్ని రోడ్డు అనడం మన మర్యాదే గానీ దాని అర్హత కాదు. ఒక్కో గుంత ఒక్కో చేపల చెరువు. మా గేటు ముందున్న గుంతలో స్కూటరు దిగితే, అవతలి ఒడ్డుకు చేరేసరికి ఆ మోడలు పాతబడిపోయేది. రోజూ అందరం తిట్టుకునేవాళ్లం. ఆ గుంతలే మా వీధికి కాపలా అని మాకెవరికీ తెలియలేదు. జీతం లేకుండా, సెలవు పెట్టకుండా, ఎండనకా వాననకా ఎంత డ్యూటీ చేశాయో పాపం.

చలికాలంలో కొత్త తారు వేశారు. అమావాస్యను ఇస్త్రీ చేసి పరిచినట్టుంది. మొదటి వారం వీధి వీధంతా సాయంత్రమయ్యేసరికి పనీ పాటా లేకుండా దాని మీద అటూ ఇటూ నడిచింది, కొత్త చెప్పులకు కాళ్లు అలవాటు చేసుకుంటున్నట్టు. ఒకావిడ అయితే పొద్దున్నే లేచి, తన వాకిలి మేరకు రోడ్డును కూడా ఊడ్చేది. ఆవిడ మా ఆవిడే.

తర్వాత మామిడి సీజను వచ్చింది.

మా ఊరి బండ్ల సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. తోట నుంచి కాయ లోడుతో వచ్చే మినీ వ్యాను మహా మర్యాద గలది. నిండు చూలాలిని పుట్టింటికి తీసుకొస్తున్నట్టు వస్తుంది. అడుగున వరిగడ్డి, ట్రేల మధ్య పాత పేపర్లు, డ్రైవరు మొహంలో భక్తి. చీమ అడ్డొచ్చినా బ్రేకు పడుతుంది, అదీ మెత్తగా. కుదుపులకు కమిలిన రసం కాయను మార్కెట్టులో వేలితో నొక్కి చూసి పక్కకు పడేస్తారు మరి. అప్పుడు తోట యజమాని డ్రైవరు వైపు ఓ చూపు చూస్తాడు. ఆ చూపు తిన్న డ్రైవరు ఆ సీజనంతా నత్తను గురువుగా పెట్టుకుంటాడు.

అదే వ్యాను కాయ దించేసి తిరుగుముఖం పట్టిందా, ఇక దాన్ని వ్యాను అనకూడదు. ఖాళీ ట్రేలు డబడబా కొట్టుకుంటూ, వెనక తాడును తోకలా ఆడించుకుంటూ మా గేటు ముందు నుంచి పోతుంటే, పెరట్లో ఆరేసిన బట్టలు ఏం జరిగిందోనని ముందు వాకిట్లోకి వచ్చి చూసేవి. ఒకసారి నా చేతిలో గ్లాసు నా చేతిలోనే ఉండగా కాఫీ మాత్రం ఆగిరిపల్లి చేరుకుంది.

ఆ రోడ్డుకు అవతల, సరిగ్గా మా గేటుకు ఎదురుగా, మా ఆవిడ కుట్టు దుకాణం ఉంది. జాకెట్లు కుడుతుంది. మా వైపు పెళ్లి ముహూర్తాలు పంతులుగారు పెడతారని పైకి అనుకుంటారు గానీ, ఆయన కూడా ముందు మా ఆవిడ ఎప్పటికి ఇస్తానందో కనుక్కుని పంచాంగం తెరుస్తాడు. చర్చిలో పెళ్లయినా అంతే. ఆవిడ కొలత తీసుకుంటే టేపు అక్కర్లేదు, మనిషిని ఒకసారి వెనక నుంచి చూస్తే చాలు. ఇంకో సంగతి, ఈ పనిలో ఒకరు కత్తిరించిన గుడ్డను ఇంకొకరు కుట్టరు. కత్తెర పెట్టిన చెయ్యే సూది పెట్టాలి. ఎవరు పెట్టారో ఈ నియమం, నూజివీడు టైలర్లందరూ పాటిస్తారు.

సీజను మొదట్లోనే, ఓ మధ్యాహ్నం మా ఆవిడ దుకాణం నుంచి భోజనానికి ఇంటికొస్తుంటే, ఒక ఖాళీ వ్యాను ఆవిడకు తగల్లేదు. తగల్లేదనే చెబుతున్నాను, ఇక్కడ నేనేమీ పెంచడం లేదు. గాలి తగిలింది అంతే. వెనక్కి తగ్గబోయింది. కొత్త తారుతో రోడ్డు ఎత్తు పెరిగి అంచు మెట్టులా మిగిలింది కదా, ఆ మెట్టు మీద కాలు మడతపడి కూలబడింది. చీలమండ దగ్గర ఎముక విరిగింది. వ్యాను ఆగలేదు. వాడి లెక్కలో వాడు ఎవర్నీ గుద్దలేదు.

సిమెంటు కట్టు వేశారు. కొన్ని వారాలకు తీశారు. డాక్టరు నడవమన్నాడు. ఇంట్లో నడిచింది, వాకిట్లో నడిచింది, కొంచెం కుంటుతూనే తులసికోట చుట్టూ తిరిగింది. ఇక రేపటి నుంచి దుకాణం తీస్తానంది. పొద్దున్నే తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, తాళంచెవి చేతిలో పట్టుకుని గేటు దాకా వెళ్లింది.

అక్కడ నిలబడింది.

ఒక ఖాళీ బండి పోయింది. ఇంకొకటి పోయింది. కాసేపు రోడ్డంతా నిర్మానుష్యంగా ఉంది. అప్పుడూ కదల్లేదు. వెనక్కి వచ్చి తాళంచెవి మేకుకు తగిలించి, "ఎండ ఎక్కువగా ఉందండీ ఇవాళ," అంది. ఉదయం ఎనిమిది గంటలకు. మర్నాడు పప్పు నానబెట్టడం మర్చిపోయానంది. ఆ మర్నాడు ఆదివారం అనుకుంది, కాదు. సాకులు చెప్పడం రాని మనిషి సాకులు చెబుతుంటే వినడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. నాకు ఆ విద్య బాగా వచ్చు కాబట్టి, పక్కన కూర్చుని మంచి సాకులు అందిద్దామా అనిపించేది.

"పోనీ నేను చెయ్యి పట్టుకుని దాటిస్తాను," అన్నాను.

"చాల్లెండి. పెళ్లయి ఈ ఊరు వచ్చినరోజే పట్టుకోలేదు మీరు. ఇప్పుడు పట్టుకుంటే దెబ్బ కాలికి కాదు, ఇద్దరికీ బుర్రకి తగిలిందనుకుంటారు."

"పోనీ మిషనే ఇవతలికి తెప్పిస్తాను. వరండాలో వేసుకుని కుట్టుకో."

ఆవిడ నవ్వడం ఆపేసింది. "మిషను అక్కడే ఉండాలి. ఇవతలికొచ్చిందా, ఇంక నేను ఆ రోడ్డు దాటను. నా సంగతి నాకు తెలుసు. ఈ ఏడు రోడ్డు మానేస్తాను, వచ్చే ఏడు గేటు మానేస్తాను, చివరికి వంటింటికీ మంచానికీ మధ్య తిరుగుతా ఉంటాను. తాళంచెవి ముట్టుకున్నారంటే ఊరుకోను."

ముట్టుకోలేదు. కానీ ఆ రోజు నుంచి నాకు కుదురు లేకుండా పోయింది. వేసవి సెలవులు. కాలేజీ ఉంటే అక్కడైనా పిల్లల్ని తిట్టుకుంటూ గడిపేవాణ్ని. ఇంట్లో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే నడవాలనిపించేది, నడిస్తే గేటు దగ్గర తేలేవాణ్ని. పేపరు పట్టుకుంటే అక్షరాల మధ్య నుంచి ట్రేల చప్పుడు. హారను వినగానే ఏ బండో, ఏ మూల నుంచో, లోడో ఖాళీయో చెప్పే స్థాయికి వచ్చాను. వరండాలో నేను తిరిగిన తిరుగుడుకు గచ్చు అరిగి కింద ఇసుక కనిపించిందంటే నమ్మండి. అన్నం ముద్ద నోటి దాకా వచ్చి, బండి పోయేదాకా ఆగేది. ఓ రోజు ఉండబట్టలేక ఎర్ర తువ్వాలు తీసుకుని రోడ్డు మీదకెళ్లి ఊపాను. ఒక వ్యాను నన్ను దాటి చాలా దూరం పోయి ఆగి, అంత దూరమూ వెనక్కి వచ్చి, "కాయ కావాలా మాస్టారూ? అన్నీ దించేశానండి, సాయంత్రం తెస్తా," అని భరోసా ఇచ్చి వెళ్లింది.

ఇక లాభం లేదని కౌన్సిలరు దగ్గరికి వెళ్లాను. అతను నా పాత విద్యార్థి. లెక్కల్లో నా చేతిలోనే తప్పాడు, తర్వాత ఎన్నికల్లో నెగ్గాడు. కాబట్టి నేనంటే గౌరవం, అంకెలంటే భయం, రెండూ మిగిలాయి. వార్డు ఆఫీసులో మీటింగు పెట్టించాడు. వీధివాళ్లం వచ్చాం, మార్కెట్టు కమీషన్ షాపులవాళ్లు వచ్చారు, తోటల రైతులు వచ్చారు. టీ వచ్చింది. నేను లేచి మా వీధిలో మనుషులు రోడ్డు దాటలేకపోతున్నారనీ, మా గేటు ముందు ఒక స్పీడ్ బ్రేకరు వేయించాలనీ చెప్పాను.

స్పీడ్ బ్రేకరు అన్న మాటకు అక్కడ భూకంపం వచ్చింది.

"అదేంటి మాస్టారూ, అంత మాటన్నారు! లోడు బండి దాని మీద ఎక్కి దిగితే కాయ ఏం కావాలండి?" అన్నాడు కమీషన్ షాపాయన.

"బంగినపల్లి అయితే కాస్త ఓర్చుకుంటది," అన్నాడు ఓ పెద్ద రైతు. "రసం ఓర్చుకోదు. పైకి బాగానే ఉంటది, లోపల కమిలిపోద్ది. కోసినాక తెలుస్తది."

"కలెక్టరు కాయ గట్టిది, దానికేం కాదులే బాబాయ్," అన్నాడు ఇంకొకడు.

"కలెక్టరు కాయకి కాకపోతే మాత్రం? రసం సంగతేంటి?"

అక్కడి నుంచి మీటింగు నా చేతుల్లోంచి జారి తోటలోకి వెళ్లిపోయింది. కాయకు కుదుపు ఎక్కడెక్కడ తగులుతుంది, గడ్డి ఎంత మందాన వెయ్యాలి, ట్రేలు మేలా బుట్టలు మేలా, ఈ మధ్య డ్రైవర్లకు భయం ఉందా లేదా. మా ఊళ్లో ఏ విషయం మొదలుపెట్టినా మామిడికాయ దగ్గరే తేలుతుంది. మనిషి ఆరోగ్యం గురించి అడిగినా ముందు పూత ఎలా ఉందో చెప్పి, తర్వాత దగ్గుతారు. చివరికి కౌన్సిలరు లేచి, స్పీడ్ బ్రేకరు వద్దు గానీ వేగం తగ్గించే బోర్డు పెట్టిద్దామన్నాడు. అందరూ సరేనన్నారు. ఏం రాయాలో కూడా అక్కడే నిర్ణయించారు. చప్పట్లు. రెండో టీ. నేను గెలిచాననుకుని ఇంటికొచ్చాను.

వారం తిరక్కుండా మా గేటు పక్కనే ఇనప గొట్టానికి నీలం బోర్డు వెలిసింది. గుడి ధ్వజస్తంభమంత ఎత్తు. తెల్లటి అక్షరాలు చింతలపూడిలో ఉన్నవాడికి కూడా కనపడేంత లావు. మా ఆవిడను చెయ్యి పట్టుకోకుండానే గేటు దాకా తీసుకొచ్చి చూపించాను. ఆవిడ పైకి చదివింది.

"మామిడి లోడు వాహనములు నెమ్మదిగా పోవలెను. గంటకు 20 కి.మీ."

ఇంకోసారి చదివింది. తర్వాత నా వైపు తిరిగింది.

"లోడు బండి ఎప్పుడు వేగంగా వెళ్లిందండీ?"

నేను బోర్డు గొట్టం గట్టిగా ఉందో లేదో ఊపి చూశాను.

"అంతమంది మగాళ్లు కూర్చుని రాశారా ఇది?"

"టీ కూడా తాగాం," అన్నాను.

నిజానికి ఆ బోర్డు పెట్టాక లోడు బండ్లు ఇంకా నెమ్మదించాయి. అసలే నత్తలు, ఇప్పుడు పూర్తిగా శిలావిగ్రహాలు. ఒక లోడు మా గేటు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లేలోపు రెండు రసాలు మగ్గి రాలాయి. ఖాళీ బండ్లు మాత్రం ఆ శిలల్ని దాటుకుంటూ కుడి నుంచి కొన్ని, ఎడమ నుంచి కొన్ని, ముందు కంటే ఎక్కువ వేగంతో పోవడం మొదలుపెట్టాయి. ఇదివరకు ఒకవైపు చూసుకుని దాటాల్సిన రోడ్డు ఇప్పుడు నాలుగువైపులా చూసుకోవాల్సిన రోడ్డయింది. మా ఆవిడ గేటు దాకా రావడం కూడా మానేసింది. తులసికోట దగ్గరే ఆగిపోయేది.

నాకు ఒళ్లు మండింది. వీధి చివర టీ బడ్డీ దగ్గర ఒక ఖాళీ వ్యాను ఆగి ఉంటే వెళ్లి డ్రైవర్ని పట్టుకున్నాను. పాతికేళ్ల కుర్రాడు. బండి వెనక 'అమ్మ దీవెన' అని పచ్చరంగుతో రాయించుకున్నాడు.

"ఏమయ్యా, బోర్డు చూశావా?"

"చూశానండి. బాగుందండి, పెద్దగా ఉంది."

"మరి ఆ పోవడం ఏంటి?"

"అది లోడు బండ్లకి కదండీ మాస్టారూ. నాది ఖాళీ. ఖాళీ బండికి వర్తించదండి."

"ఖాళీ బండి గుద్దితే మనిషికి దెబ్బ తగలదా?"

అతను నిజంగానే ఆలోచించాడు. "తగులుద్దండి. కానీ అట్టా రాయలేదు కదండీ."

"అసలు ఎందుకంత తొందర?"

"తోటలో ముందెవరు చేరితే వాళ్లకే ముందు లోడు ఎత్తుతారండి. వెనకపడితే చెట్టు కింద కూర్చుని ఈగలు తోలుకోవాలి. సాయంత్రం లోడు పోయిందంటే ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోతాం చెప్పండి? మీరు టీ తాగుతారా?"

తాగాను. కోపంలో రెండు తాగాను.

ఇక్కడి నుంచి కథ నాది కాదు. రెండు రోజుల తర్వాత ఆ కుర్రాడి భార్యే మా ఇంటికొచ్చింది. ఆ పిల్ల ఎవరో అప్పటికి నాకు తెలియదు. మా ఆవిడ వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఆ పూటకు అవి ఆరోసారి ఏరిన బియ్యం. కుట్టుపని లేని వేళ్లకు ఏదో ఒకటి కావాలి.

"అక్కా, నా జాకెట్టు సంగతేం చేశావు? మా తమ్ముడి పెళ్లి దగ్గరకొచ్చేసింది. ఆడపడుచుని నేను, పాత జాకెట్టుతో నిలబడనా?"

"కత్తిరించి పెట్టానే తల్లీ. చేతులు అతకాలి, హుక్సులు కుట్టాలి. అంతే."

"అంతేగా? అతికెయ్యి మరి!"

"అవతలుంది."

"అవతలంటే ఎంత దూరమక్కా, ఇదిగో, ఇక్కడి నుంచి ఉమ్మేస్తే పడుద్ది."

"ఒకసారి నాతో గేటు దాకా రా," అంది మా ఆవిడ.

ఇద్దరూ వెళ్లి నిలబడ్డారు. నేను వెనకాలే, పేపరు తలకిందులుగా పట్టుకుని. ఓ లోడు బండి పాకుతూ పోయింది. దాని పక్క నుంచి ఒక ఖాళీ బండి దూసుకుపోయింది. ఆ అమ్మాయి పైట ఎగిరి మొహాన పడింది. మా ఆవిడ గేటు ఊచను రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మో! అదెవడి బండక్కా, అంత పొగరుగా పోయింది?" పైట సర్దుకుంటూ వీధి చివర దాకా చూసింది. 'అమ్మ దీవెన' మలుపు తిరుగుతోంది. ఆ పిల్ల మొహంలో రంగు మారింది.

"మా ఆయనే," అంది మెల్లగా.

సాధారణంగా మా ఆవిడ అనే మాటలు వంద మైళ్ల వరకు వినపడతాయి. ఆ రోజు ఊచ వదిలి, బియ్యం దగ్గరికి తిరిగి వెళ్లింది. ఆ పిల్ల కాసేపు కాలి బొటనవేలితో నేల గీరి, "ఇంటికి రానీ చెప్తా," అని వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. తెలియకపోయినా చెప్పగలను గానీ, చెప్పను. తెలిసిందల్లా, ఆ అమ్మాయి ఊరుకోలేదు. నీళ్ల పంపు దగ్గర చెప్పింది, రేషను దుకాణం దగ్గర చెప్పింది. ఫలానావారి పెళ్లి జాకెట్టు, ఫలానావారి ఓణీల పండగ జాకెట్టు, అన్నీ ఆ తాళం వెనక కత్తిరించిన ముక్కలుగా ఉన్నాయనీ, ఆ తాళంచెవి రోడ్డు దాటడం లేదనీ, దాటకపోవడానికి కారణం మన ఇంట్లో పొద్దున్నే ఇడ్లీ తిని వెళ్లిన మనిషేననీ. వేరే టైలరుకు ఇద్దామంటే గుడ్డకు కత్తెర పడిపోయింది. మూడు ఊళ్ల ఆడవాళ్లు మా వరండాలో మకాం పెట్టారు. చెప్పులు విడిచిన గుట్ట మా ఇంటి కంటే ఎత్తు పెరిగింది. వైశాఖంలో పెళ్లి ఉండి జాకెట్టు లేకపోవడం ఎలాంటి ఆపదో తెలియని డ్రైవర్లకు ఆ వారం బాగా తెలిసొచ్చింది.

వాళ్లందరి తర్వాత కౌన్సిలరు వచ్చాడు. వాళ్ల అమ్మాయి నిశ్చితార్థం. మగ్గం వర్కు చేయించిన పట్టు జాకెట్టు ముక్క కూడా అవతలే ఉంది.

"మేడం గారూ, ఇంట్లో మా వాళ్లు నన్ను ఉండనివ్వట్లేదండి," అన్నాడు.

"బాబూ, నేనేం సమ్మె చెయ్యట్లేదు. ఇదిగో తాళంచెవి. ఈ నిమిషం వెళ్తాను. నన్ను దాటించు."

"ఓస్, అంతే కదండీ!" అని అతను ముందు నడిచాడు. ఆవిడ వెనకే గేటు దాకా వెళ్లింది. అతను తెల్ల చొక్కా సర్దుకుని, రోడ్డు మీద రెండడుగులు వేసి, జనానికి అభివాదం చేసేటప్పుడు ఎత్తినట్టు చెయ్యెత్తాడు. వస్తున్న ఖాళీ బండికి అది అభివాదంగానే కనిపించింది కాబోలు, హారనుతో బదులిచ్చి వచ్చేసింది. ప్రజాప్రతినిధి గాల్లోకి లేచి, మా ప్రహరీ దాటి, మందారచెట్టులో దిగాడు. ఒక చెప్పు రోడ్డు మీదే ఉండిపోయింది. దాని మీద నుంచి రెండో బండి పోయింది.

మందారచెట్టులోంచి, "మాస్టారూ, ఆ బోర్డు ఎవరు రాయించారండీ?" అన్నాడు.

"నువ్వే," అన్నాను.

నాలుగు రోజుల్లో పెయింటరు వచ్చాడు. 'మామిడి లోడు' అన్న మాటల మీద నీలం రంగు పూసి, 'అన్ని' అని రాశాడు. అన్ని వాహనములు, గంటకు ఇరవై. మాకొక్కళ్లకే కాదు, బజారు వీధికీ, బడి దారికీ కూడా ఇలాంటివే పెట్టారు. బోర్డు మారితే మనిషి మారతాడని నాకు ఆశ లేదు. కానీ డ్రైవర్లు వాళ్లలో వాళ్లు ఓ ఒప్పందానికి వచ్చారు. పొద్దున ఏ వరసలో లోడు ఎత్తుకున్నారో సాయంత్రమూ అదే వరస, ముందొచ్చినా వెనకొచ్చినా. ఆ ఒప్పందం చెట్టు కింద కుదిరిందని వాళ్లంటారు, ఒక్కో వంటింట్లో విడివిడిగా కుదిరిందని మా వరండావాళ్లంటారు.

ఇక ఆ ఉదయం. మా ఆవిడ తలంటు పోసుకుంది. గంధం రంగు చీర కట్టుకుంది. తాళంచెవి తీసుకుని గేటు తెరిచింది. రోడ్డుకు రెండువైపులా బండ్లన్నీ, లోడువీ ఖాళీవీ, ఇటు మార్కెట్టు దాకా అటు ఆగిరిపల్లి దాకా వరసగా ఆగిపోయాయి. ఇంజన్లు ఆపేశారు. డ్రైవర్లు దిగి, తలకు చుట్టిన తువ్వాళ్లు తీసి చేతుల్లో పట్టుకున్నారు. ఎక్కడో ఒక కోయిల. కుంటుతూ, కానీ తల ఎత్తుకుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆవిడ రోడ్డు మధ్య దాకా వెళ్లింది, అక్కడ ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది, అవతలికి చేరింది, తాళం తీసింది.

ఇదే నేను కల్పించింది.

బండ్లు ఆగలేదు. నెమ్మదించాయి, అదీ కొన్ని. ఇప్పటికీ ఎవడో ఒకడు మునుపటిలాగే దూసుకుపోతాడు. కోయిల లేదు. మొదటి రోజు ఆవిడ సగం దాకా వెళ్లి, ఏ బండీ రాకుండానే వెనక్కి వచ్చేసింది. వరండాలో ఉన్న ఆడవాళ్లు ఎవరూ నవ్వలేదు, ఒకామె లేచి మంచినీళ్లిచ్చింది. రెండో రోజు మళ్లీ ఎండ ఎక్కువైంది. మూడో రోజూ అంతే. అలా ఎన్ని రోజులో నేను చెబితే మీరు నమ్మరు కాబట్టి చెప్పను.

ఆ తర్వాత ఓ పొద్దున నేను స్నానానికి వెళ్లాను. తలకు సబ్బు రాసుకుంటుంటే ఎక్కడో టకటకమని చప్పుడు. పక్కింట్లో ఏదో కొడుతున్నారనుకున్నాను. చెంబు దించి విన్నాను. అలాగే తుండు చుట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తాను. రోడ్డుకు అవతల తలుపు తీసి ఉంది, లోపల మిషను ఆడుతోంది, వంచిన తల మాత్రం కనిపిస్తోంది. ఎలా దాటిందో, ఎంతసేపు నిలబడిందో, ఏ బండి ఆగిందో, ఏది ఆగలేదో నేను చూడలేదు. అడిగితే, "దాటాను, అంతే. దాటడంలో చెప్పడానికేముంటుంది?" అంది. అందుకే పైన ఆ బండ్లన్నిటినీ నేనే ఆపుకున్నాను.

ఆ రోజు మాత్రం గేటు దగ్గర నుంచి లోపలికి వెళ్లలేకపోయాను. కళ్లలోకి సబ్బు కారుతోంది. మలుపు దగ్గర ట్రేల చప్పుడు వినిపించింది, ఖాళీ బండే. ఇరవైలో వస్తోందో అరవైలో వస్తోందో ఒక కన్ను మూసుకుని చూస్తూ నిలబడ్డాను. భోజనం వేళకు ఆవిడ మళ్లీ ఇటు రావాలి కదా.